బాణం కుడివైపు

బోర్డులు రాసే పెయింటర్ ఆ ఎండాకాలం ఉదయం, చెరువు చూపిస్తానని భార్యను వెంటబెట్టుకొచ్చాడు గానీ, అతని మనసంతా అక్కడి బోర్డుల మీదే ఉంది. గట్టున కాలిబాట పొడవునా నలభై బోర్డులు వెలిసిపోయి ఉన్నాయి. వాటిని కొత్తగా రాయించాలని చెరువు అధికారి ఎనిమిదింటికి చూడటానికి వస్తున్నాడు. ఆ పని దక్కితే ఏడాదంతా నిశ్చింత. అదే ఎదురుకొట్టు పెయింటర్‌కు దక్కితే, ఇక వీధిలో తలెత్తుకు తిరగలేడు.

గట్టు దిగువనున్న వాగు దగ్గర కాసేపు కూర్చుందామంది భార్య. "నువ్వు పదవే, రెండు నిమిషాల్లో వచ్చేస్తా" అని ఆమెను పంపి, మొదటి బోర్డు ముందు సంచి దించాడు. ఒక్క బోర్డు తళతళలాడుతూ కనిపిస్తే, రాసిందెవరా అని అధికారే వెతుక్కుంటూ వస్తాడని అతని ఎత్తు.

'నడకదారి' అన్న అక్షరాలు ముత్యాల్లా కుదిరాయి. చిక్కల్లా బాణంతోనే. అది ఎడమకు చూస్తోంది, కుడివైపేమో బోసిగా ఉంది. ఇరవై ఏళ్ళుగా కొట్లకు బోర్డులు రాసిన మనిషి ఆ బోసితనాన్ని భరించలేకపోయాడు. నిండుగా, ఎర్రగా, బాణాన్ని కుడికి తిప్పాడు. నాలుగడుగులు వెనక్కి వేసి తనలో తనే మురిసిపోయాడు. బోర్డును చూశాడే తప్ప బాటను చూడలేదు. బాట ఎడమకే పోతుంది. కుడివైపు ఉన్నది బురద, దాని దిగువన వాగు.

అంతలో ఉదయం నడకకు వచ్చే పెద్దమనుషుల గుంపు వచ్చింది. రోజూ ఎడమకు పోయేవాళ్ళే, కొత్త బోర్డు కదా అని బుద్ధిగా కుడికి మళ్ళారు. అటు కాదంటూ పెయింటర్ చేతులూపుతూ అడ్డం పరిగెత్తాడు. ఇతనింతగా ఆపుతున్నాడంటే అక్కడేదో విశేషం ఉందనుకుని వాళ్ళు అడుగు పెంచారు. వాళ్ళను చూసి వెనకవాళ్ళూ, వీళ్ళను చూసి ఆ వెనకవాళ్ళూ దిగారు. ఎనిమిదయ్యేసరికి ముప్పైమంది మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, ఇంతకీ చూడాల్సిందేమిటని ఒకరినొకరు అడుగుతున్నారు. వాళ్ళ మధ్య, ప్యాంటు పైకి మడుచుకుని, అధికారి కూడా ఉన్నాడు.

పెయింటర్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. గబగబా బ్రష్షు సంచిలో దాచేశాడు.

"ఆ బోర్డు ఎవరు రాశారు?" అధికారి గట్టెక్కుతూ అడిగాడు.

"మా ఎదురుకొట్టతను సార్. వాడి పనెప్పుడూ ఇంతే." అడక్కుండానే ఫోన్ నంబరు కూడా చెప్పాడు.

అధికారి నంబరు నొక్కుతూ అన్నాడు. "పదేళ్ళుగా బోర్డులు పెడుతున్నాం. చదివి, చెప్పినట్టు నడిచినవాళ్ళను ఇవాళే చూశాను. పైగా ఈ ఎండలకు నీళ్ళు ఎంత హాయిగా ఉన్నాయో. నలభై బోర్డులూ అతనిచేతే రాయిస్తా."

పెయింటర్ చేతులు వెనక్కి దాచుకున్నాడు. అతని వేళ్ళకంటిన ఎర్ర రంగు చూస్తూ, "ఇప్పుడైనా నిజం చెప్పండి" అని వాగు దగ్గర్నుంచి వచ్చిన భార్య గొణిగింది. అప్పటికే అవతల ఫోన్ ఎత్తారు.

ఎదురుకొట్టు పెయింటర్ క్షణం కూడా తడబడలేదు. ఆ ఒక్క బోర్డు కోసం తెల్లవారకముందే లేచానని వినయంగా ఒప్పుకున్నాడు.