ప్రత్యేక నిధి

ఆ ఫిబ్రవరి ఉదయం సుధామయి వేసుకున్న పథకం చిన్నదే. ఇడ్లీ పాత్ర దించి, తార్నాకలో ఆటో ఎక్కి, యూనివర్సిటీలో ఉపన్యాసం ఇచ్చి, భోజనానికి ఇంటికి రావాలి. ఆమె అక్కడ అర్థశాస్త్రం చెబుతుంది. క్షయవ్యాధి మీద పనిచేస్తున్న పరిశోధన బృందానికి మార్చి దాటితే జీతాలు లేవు. ఆరోగ్య పరిశోధనకు పెట్టిన ఖర్చు రాష్ట్రానికి తిరిగివస్తుందని ఆ ఉపన్యాసానికి వస్తున్న ఆర్థిక శాఖ అధికారి సోమయాజులును ఒప్పిస్తే బృందం నిలుస్తుంది. ఆయన ఏ సభలోనైనా టీ తాగగానే లేచిపోతాడని పేరు. అందుకని టీ చివర్న పెట్టించింది.

బ్యానరు పని సీతాఫల్‌మండి పెయింటర్ వీరస్వామికి అప్పజెప్పి, "ఆరోగ్య పరిశోధనకు ప్రత్యేక నిధి" అని రాయమంది. ఆమె వెళ్ళేసరికి హాలు గుమ్మానికి "ఆరోగ్య పరిశోధనకు ప్రత్యేక రాష్ట్రం" అని బారెడు అక్షరాలు వేలాడుతున్నాయి.

ఫోను చేస్తే వీరస్వామి ఏమీ దాచలేదు. "ప్రత్యేక అని రాసినంక చెయ్యి ఆగలే మేడం. రెండు నెల్ల సంది గదే రాస్తున్న."

అసలే ఉద్యమం రోజులు. మామూలుగా ఆమె ఉపన్యాసానికి ముందు వరుస కూడా నిండదు. ఆ రోజు కిటికీల్లో కూడా విద్యార్థులే. బ్యానరు తీయించబోతే ఊరుకోమన్నారు. టీవీ వాళ్ళొచ్చారు. కాసేపటికి 'ప్రత్యేక రాష్ట్రానికి ఆంధ్రా మేడం మద్దతు' అని తెర అడుగున అక్షరాలు పరుగెత్తాయి. తెనాలి నుంచి బావగారు బుచ్చిబాబు ఫోను చేసి, మన పరువేం కావాలని అడిగి, జవాబు వినకుండా పెట్టేశాడు. భర్త రవికాంత్ మాత్రం, "భోజనానికి వస్తున్నావా, నిరాహార దీక్షా?" అన్నాడు.

సోమయాజులు కారు దిగి, జనాన్ని చూసి మళ్ళీ ఎక్కబోయాడు. సర్కారు నుంచే మద్దతు వచ్చిందనుకున్న విద్యార్థులు ఆయన మెడలో దండ వేసి, మొదటి వరుస నడిమధ్యన కూర్చోబెట్టారు. ఇక లేవడానికి దారి లేదు.

సుధామయి తాను రాసుకున్నదే చెప్పింది. సగంలో విద్యార్థి నాయకుడు మల్సూర్ లేచాడు. "మేడం, ఇంతసేపాయె, తెలంగాణ మాటే రాలే. గీ పరిశోధనకు పైసలిస్తే మనకేం ఒరుగుతది?"

హాలంతా ఆమెకేసి చూసింది.

"మౌలాలిలో ఒక తాపీ మేస్త్రీకి క్షయ వచ్చిందనుకో, బాబూ. ముందే కనిపెడితే త్వరగా పనిలోకి పోతాడు. ఆలస్యమైతే కూలీ పోయె, పిల్ల చదువు ఆగె, ఆస్పత్రి ఖర్చు సర్కారు మీద పడె. ముందే కనిపెట్టే దారి వెతికేవాళ్ళకిచ్చే జీతం కూడా ఇక్కడి కిరాణా కొట్లలోనే ఖర్చవుతుంది. ఏ రాష్ట్రమైనా ఇదే లెక్క."

"మా నాయినకు గదే బీమారి ఉండె," అని మల్సూర్ సోమయాజులు వైపు తిరిగాడు. "ఇస్తరా సార్ మరి?"

కెమెరాలన్నీ అటు తిరిగాయి. సోమయాజులు పరిశీలిస్తామన్నాడు.

"పరిశీలనంటే ఏందో మాకెరికే సార్. తారీఖు చెప్పుండ్రి. చెప్పేదాంక గీడనే కూసుందాం."

ఈ నెలాఖరుకన్నాడు సోమయాజులు. రాష్ట్రమంతా టీవీలో విన్న మాట కాబట్టి నెలాఖరుకు నిధి మంజూరైంది.

ఉపన్యాసమైన వారంలోనే బుచ్చిబాబు మళ్ళీ ఫోను చేశాడు. గొంతులో ఆప్యాయత ఉంది. "ఏ రాష్ట్రమైనా ఇదే లెక్క అన్నావుగా అమ్మాయ్. అంటే విడిపోనక్కర్లేదనేగా? టీవీలో విన్నాం. ఇక్కడ సమైక్య సభ పెడుతున్నాం, నువ్వే మాట్లాడాలి."

సుధామయి తెనాలి వెళ్ళింది. ఉపన్యాసంలో ఒక్క ముక్క మార్చలేదు. చీర మాత్రం మార్చుకుంది.