ఎడమ చుట్టు నత్తలు, పులిగారి పేగు

ఒక పెద్ద అడవిలో, పెద్ద అడవులన్నిట్లో ఉన్నట్టే, సగం కట్టి వదిలేసిన పరిశోధనాలయం ఒకటి ఉండేది. కట్టిన సగంలో కమిటీలు కూర్చునేవి. వదిలేసిన సగంలో పరిశోధకులు కూర్చునేవారు.

గడ్డి ఎందుకు పచ్చగా ఉంటుంది, తలకిందులుగా వేలాడే గబ్బిలానికి తల ఎందుకు తిరగదు, ఇలాంటి జీవరహస్యాలు కనుక్కోవడం అక్కడి వాళ్ల పని. అందుకు దర్బారు వారు ఏటా కొంత మేత మంజూరు చేసేవారు. మనుషులైతే దాన్ని గ్రాంటు అంటారు. జంతువులకు దాపరికం తక్కువ కాబట్టి మేత అనే అనేవి.

ఆ ఏడు మేత రాలేదు. రాదని కూడా ఎవరూ చెప్పలేదు.

"ఫైలు కదిలిందట" అని పొద్దున్నే ఒక వార్త వచ్చేది. "ఎటు కదిలిందట?" అని అడిగితే మాత్రం చీకటి పడినా జవాబు వచ్చేది కాదు. పరిశోధకులు ఆకలి వేసినప్పుడల్లా ఒకరికొకరు ధైర్యం చెప్పుకుని నీళ్లు తాగేవారు.

వాళ్లలో సూదిమతి అనే ముళ్లపంది ఉండేది. వయసులో చిన్నది, కోపంలో పెద్దది. చదివిన ప్రతి పుస్తకంలోంచీ ఒక నినాదం ఏరుకుని దాచుకునేది. కోపం వస్తే ముళ్లు లేచేవి. ముళ్లు లేస్తే నినాదం ఊడిపడేది.

సూదిమతి పరిశోధన నత్తల మీద. అడవిలో నత్తగుల్లలన్నీ కుడివైపుకి చుట్టుకుని ఉంటాయి. ఎక్కడో ఏ కోటికో ఒకటి ఎడమవైపుకి చుట్టుకుంటుంది. ఎందుకని? పిల్ల గుల్ల ఎటు చుట్టుకోవాలో పిల్ల చేతిలో లేదని, అది తల్లి ఒంట్లోనే నిర్ణయమైపోతుందని, తల్లి దాచిపెట్టిన సంగతి మనవల్లో గానీ బయటపడదని సూదిమతి అనుమానం. అంటే ఒక ప్రశ్న అడిగితే జవాబు కోసం రెండు తరాలు ఆగాలి.

ఆగింది. ఆకుల కింద వెతికి వెతికి ఎడమ చుట్టు నత్తల్ని పోగుచేసింది. కుండల్లో తడిమట్టి పోసి పెంచింది. అమ్మమ్మల వంతు అయింది, అమ్మల వంతు వచ్చింది. అమ్మలు మట్టిలో గుడ్లు పెట్టి, తమ పని అయిపోయినట్టు గుల్లల్లోకి వెళ్లి పడుకున్నారు. ఇక మనవలు రావాలి. వాళ్ల గుల్లలు చూస్తే జవాబు తెలిసిపోతుంది.

కానీ ఆ సంస్థలో ఒక నియమం ఉంది. మేత ఆగిపోయిన పథకంలోని ప్రాణులన్నిటినీ క్యాంటీనుకు అప్పగించాలి.

క్యాంటీను నడిపేది హంసవేణి అనే బాతు. రోజూ మధ్యాహ్నం గరిటె పట్టుకుని వచ్చి కుండల దగ్గర నిలబడేది.

"అమ్మాయ్, నీ పథకం ఎప్పుడు ముగుస్తుందే?"

"ముగియదు పిన్నీ. కొనసాగుతుంది."

"అందరూ అలాగే అంటారులే. పక్క గదిలో చేపపిల్లల ఆయన కూడా అలాగే అన్నాడు. పులుసు బాగా కుదిరింది."

సూదిమతి ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. "జ్ఞానం జఠరాగ్నికి ఆహుతి కారాదు!"

"మిగతాది అర్థం కాలేదుగానీ," అంది హంసవేణి, "ఆహుతి అంటే వడ్డించడమేగా?"

ఇలా ఉండగా మేతల శాఖ అధికారి రంగనాయకులు గారు పరిశోధనాలయానికి వచ్చాడు. ఆయన ఊసరవెల్లి. నీటి మీద పరిశోధనలకు ప్రాధాన్యం అన్న ఏడు నీలంగా వచ్చాడు. చెట్లకు ప్రాధాన్యం అన్న ఏడు ఆకుపచ్చగా వచ్చాడు. ఈసారి పసుపు ఒంటి మీద నల్ల చారలతో వచ్చాడు. ఆ రంగు చూడగానే ముందు వరుసలోని కుందేళ్లు అలవాటు కొద్దీ పారిపోయాయి.

"భయపడకండి, నేనే" అన్నాడు రంగనాయకులు. "ఈ ఏడాది దర్బారు వారి దృష్టి పులి మీద కేంద్రీకృతమై ఉంది. పులికి సంబంధించిన పథకాలకే మేత."

కూర్మారావు అనే తాబేలు మెడ సాచాడు. కూర్మారావు ఆ సంస్థలో తాత్కాలిక ఉద్యోగి. ఇప్పుడున్న పులిగారి ముత్తాత కాలం నుంచీ తాత్కాలికమే. "దర్బారు వారంటే పులిగారే కదా నాయనా?"

"అవును. అందుకే దృష్టి మరీ దగ్గరగా ఉంది" అన్నాడు రంగనాయకులు.

అర్జీలకు వారం గడువు ఇచ్చి ఆయన వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ గోడ రంగులో కలిసిపోయాడు. దాంతో ఎవరూ సందేహాలు అడగలేకపోయారు.

సూదిమతి తన గురువుగారి దగ్గరికి పరిగెత్తింది. ఆయన ఆచార్య బకశాస్త్రి, కొంగ. ఏ విషయంలోనైనా ఒక కాలు నేల మీద, ఒక కాలు గాలిలో ఉంచి ఆలోచించేవాడు. ఎటు కావాలంటే అటు దిగడానికి అది వీలు.

"సార్, నత్తకీ పులికీ ఏం సంబంధం సార్?"

"రెండూ ఒకే అడవిలో ఉన్నాయిగా. అంతకన్నా ఏం కావాలమ్మా?"

"అది అబద్ధం సార్!"

"అబద్ధం కాదు, ప్రాధాన్యం. పేరులో పులి పెట్టు, పనిలో నత్త పెట్టు. అందరూ అదే చేస్తున్నారు. చీమలాయన చూడు, 'పులి నడకపై చీమలబారు దుష్ప్రభావం' అని రాసేశాడు. గబ్బిలం రాసింది 'పులి పీడకలలు'. మన కూర్మారావు కూడా 'పులుల అకాల మరణం' అని రాశాడు."

"సత్యానికి చారలుండవు సార్!"

"సత్యానికి ఉండవు, నిజమే. నత్తలకి కుండలైనా ఉండాలి కదమ్మా" అన్నాడు బకశాస్త్రి.

సరిగ్గా అప్పుడే క్యాంటీనులోంచి ఉల్లిపాయలు వేగుతున్న వాసన వచ్చింది. సూదిమతి ముళ్లు ఒక్కొక్కటే వాలిపోయాయి. కూర్చుని రాసింది. బకశాస్త్రి చదివి పెదవి విరిచాడు. కొంగకు పెదవి ఉండదు కాబట్టి ముక్కంతా విరవాల్సి వచ్చింది.

"ఇందులో ముప్పు ఏదీ? పులి బాగుందని రాస్తే పులి సంతోషిస్తాడు. పులికి బాగాలేదని రాస్తేనే మంజూరు చేస్తాడు. రాయి, రాయి."

సూదిమతి పళ్లు కొరుక్కుంటూ మళ్లీ రాసింది. 'పులి పేగు చుట్టుకునే దిక్కు: నత్తగుల్లల ఆధారంగా ఒక అత్యవసర హెచ్చరిక. లోకంలో చుట్టుకునే ప్రతిదీ ఎప్పుడో ఒకప్పుడు తప్పు వైపుకి చుట్టుకోవచ్చును. పులిగారి పేగు కూడా చుట్టుకునేదే. అది ఎడమ చుట్టు అయిన పక్షంలో పరిణామాలు ఊహకు అందవు.'

ఆ ఆఖరి మాట మాత్రం నిజం. ఆమె ఎంత ఊహించినా ఒక్క పరిణామమూ అందలేదు.

"అద్భుతం!" అని బకశాస్త్రి తన పేరు పైన పెట్టి, ఆమె పేరు కింద పెట్టాడు.

అర్జీలన్నీ మంజూరయ్యాయి. ఒక్కటి కూడా తిరిగి రాలేదు. పరిశోధనాలయంలో పండగ చేసుకున్నారు. నీళ్లు తాగి ధైర్యం చెప్పుకునేవాళ్లు ఆ రోజు నీళ్లు తాగి గంతులు వేశారు, మేత ఇంకా దారిలో ఉంది కాబట్టి. సూదిమతి కుండల మీద తడిగుడ్డ కప్పి, "ఇంకొక్క వారం తల్లులూ, హాయిగా పడుకోండి" అని నత్తలకు చెప్పింది. హంసవేణి గరిటె భుజాన వేసుకుని, నిట్టూర్చి వెళ్లిపోయింది.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఆ ఏడాది దర్బారులో ఎన్నడూ జరగని ఘోరం జరిగింది. అర్జీలను ఎవరో చదివారు.

చదివించుకున్నది పులిగారే. ఆయన పేరు వ్యాఘ్రేశ్వర రాజు. నీళ్లమీదా చెట్లమీదా వచ్చిన అర్జీలకు ఆయన కళ్లు మూసుకుని పంజా గుర్తు వేసేవాడు. ఈసారి ప్రతి అర్జీలోనూ తన పేరే ఉందని విని మురిసిపోయాడు.

"నా గురించి ఇంతమంది ఆలోచిస్తున్నారా! చదువు నాయకులూ, గట్టిగా చదువు!"

రంగనాయకులు చదివాడు. మొదటి అర్జీకి పులిగారు మీసం దువ్వుకున్నాడు. రెండోదానికి దువ్వడం ఆపేశాడు. అది మీసాల పటుత్వం తగ్గడం గురించి. చీమల అర్జీ విని తన కాళ్లు చూసుకున్నాడు. గబ్బిలం అర్జీ విని, ఇక నిద్రపోనన్నాడు. 'పులుల అకాల మరణం' దగ్గర మంచినీళ్లు అడిగాడు. పేగు దగ్గరికి వచ్చేసరికి పడుకుండిపోయాడు.

"ఇన్ని రోగాలు పెట్టుకుని నేనింకా ఎలా బతికున్నాను నాయకులూ?"

"అంతా తమరి మనోబలం ప్రభూ" అన్నాడు రంగనాయకులు. అప్పటికి ఆయన చారలు పోయి తెల్లగా అయిపోయాడు.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. పులిగారి ప్రాణానికి ఇన్ని ముప్పులున్నట్టు పరిశోధకులే ధ్రువీకరించినందున, పరిశోధనల మేత యావత్తూ పులిగారి వైద్యానికి మళ్లించడమైనది. పరిశోధకులందరూ వైద్యులుగా వెంటనే హాజరు కావలెను. ముందుగా పేగు నిపుణురాలు రావలెను.

పేగు నిపుణురాలు గుహలోకి వెళ్లింది. పక్కన బకశాస్త్రి రెండు కాళ్లూ నేల మీద పెట్టి నడిచాడు. ఆయన్ని అలా చూడటం అదే మొదటిసారి.

పులిగారు మెడదాకా దుప్పటి కప్పుకుని, కుడివైపుకి మాత్రమే తిరిగి పడుకుని ఉన్నాడు. "అమ్మా, దాచకుండా చెప్పు. ఎటు చుట్టుకుంది?"

సూదిమతికి కుండలు గుర్తొచ్చాయి. తడిగుడ్డ కింద గుడ్లు గుర్తొచ్చాయి. గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"ప్రభూ, తమరి పేగు సంగతి నాకేమీ తెలియదు. నేను చదివేది నత్తల గురించి. మేత కోసం అలా రాశాను. తమరికి ఏ రోగమూ లేదు."

పులిగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "చూశావా నాయకులూ, ఎంత మంచి మనసో! నేను బెంగపడతానని రోగమే లేదంటోంది."

"నిజంగా లేదు ప్రభూ! ఒట్టు!"

"ఒట్టు పెట్టేదాకా ముదిరిందా!" అని పులిగారు దుప్పటి ముసుగు పెట్టేశాడు. ముసుగులోంచే గర్జించాడు. "మందు చెప్పండి! చెప్పకపోతే వైద్యులందర్నీ తినేస్తాను. అరిగినా అరక్కపోయినా సరే!"

 బకశాస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"మందు సిద్ధంగా ఉంది ప్రభూ. ఎడమ చుట్టుకు ఎడమ చుట్టే విరుగుడు. మా అమ్మాయి ఇన్నాళ్లుగా కుండల్లో పెంచుతున్నది ఆ మందే."

"సార్!"

"ఊరుకోమ్మా, కాపాడుతున్నాను."

"ఎవర్ని సార్?"

"నన్ను."

భటులు వెళ్లి కుండలు తెచ్చారు. దారిలో కుదుపులకు మెలకువ వచ్చి, నత్తలు కొమ్ములు చాచి చుట్టూ చూస్తున్నాయి. సూదిమతి వాటికి అడ్డంగా నిలబడింది. ముళ్లన్నీ లేచాయి. నోరు తెరిచింది. జీవితంలో మొదటిసారి ఒక్క నినాదమూ ఊడిపడలేదు.

"ఒక్క వారం ఆగండి ప్రభూ" అంది మెల్లగా. "గుడ్లు పగిలి పిల్లలు వస్తే చాలు, చూసి చెప్పేస్తాను. ఆ తర్వాత కావాలంటే నన్ను తినండి."

"వారమా! అంతవరకు నా పేగు ఆగొద్దూ?"

పులిగారు ఒక్కొక్క కుండా ఎత్తి నోట్లో కుమ్మరించుకున్నాడు. అమ్మమ్మలు పోయారు, అమ్మలు పోయారు. అడుగున మట్టిలో ఉన్న గుడ్లను కూడా, మందు వృథా కాకూడదని నాలుకతో గీకి గీకి నాకేశాడు. గట్టిగా తేన్చాడు. కాసేపటికి ఎడమవైపుకి తిరిగి చూశాడు. ఏమీ కాలేదు. లేచి నిలబడ్డాడు. గెంతాడు.

"తిరిగింది! నా పేగు తిరిగింది! కాళ్ల నొప్పి కూడా పోయింది. మీసం చూడు నాయకులూ, ఎలా నిలబడిందో!"

లేని రోగాలన్నీ ఒక్క పూటలో నయమైపోయాయి. అడవంతా టముకు వేశారు. సూదిమతికి మెడలో దండ వేశారు. ముళ్లకు గుచ్చుకుని పూలన్నీ విడివిడిగా నిలబడ్డాయి. పరిశోధనాలయంలో కట్టకుండా వదిలేసిన సగాన్ని నత్తవైద్య మహాభవనంగా కట్టాలని తీర్మానించారు. భవన కమిటీకి బకశాస్త్రి అధ్యక్షుడయ్యాడు. మళ్లీ ఒంటికాలి మీద నిలబడ్డాడు.

రంగనాయకులు నత్తగుల్ల రంగులో వచ్చి ఉత్తర్వు చదివాడు. "సూదిమతి గారికి జీవితాంతం మేత. ఎంత అడిగితే అంత. బదులుగా ప్రతి పున్నమికీ పులిగారికి ఒక కుండెడు ఎడమ చుట్టు నత్తలు సమర్పించుకోవాలి."

"ఉన్నవన్నీ ఆయనే తినేశారు కదండీ. ఇక ఎక్కణ్ణుంచి తేను?"

"కొత్తవి పుట్టించండి."

"అవి ఎలా పుడతాయో నాకు తెలియదు."

"అదేమిటి, నిపుణులు మీరే కదా?"

"అది తెలుసుకోవడానికేనండీ వాటిని పెంచింది!" అని సూదిమతి అరిచింది.

"అయితే తెలుసుకోండి" అన్నాడు రంగనాయకులు చిరాగ్గా. "మేతకి కొదవలేదు కదా. ఇంకా ఏమిటి మీ బాధ?"

సూదిమతి వెనక్కి తిరిగింది. తడి ఆకుల్లోకి నడిచింది. ఒక్కొక్క ఆకే ఎత్తి కింద ఉన్న నత్తను చూసింది. కుడి చుట్టు. ఇంకోటి ఎత్తింది. కుడి చుట్టు. ఆమె వెనక, కొత్త మేతతో నియమించిన సహాయకులు బారులు తీరి నిలబడి ఉన్నారు. ఆమె ఎత్తిన ప్రతి ఆకునూ మళ్లీ జాగ్రత్తగా కింద పెట్టడం వాళ్ల ఉద్యోగం.

ఈ కథలోని నీతి: అర్జీలో అబద్ధం రాసేముందు బాగా ఆలోచించుకోవాలి, అది మంజూరయ్యే ప్రమాదం ఉంది.