లక్ష్మణమ్మ పాటకు రచయిత లేరు

మనిషి ముందో పాట ముందో పెద్దలు ఇంకా తేల్చలేదు గానీ, ఏ పాటైనా పుట్టినట్టు చెల్లాలంటే శ్రీకాకుళంలోని జానపద నిర్ధారణ మండలి ముద్ర పడాలని మాత్రం తేలిపోయింది. (మండలి సభ్యుల్లో పాడేవాళ్లెవరూ లేరు. నిష్పాక్షికత కోసం.)

నౌపడ యమున మొదటి ఆల్బమ్ పెళ్లి ఊరేగింపుల్లో డీజే బాక్సులు బద్దలుకొట్టింది. పాటలన్నీ ఉప్పుమడుల్లో పనిచేసే వాళ్లమ్మ లక్ష్మణమ్మవి. అట్ట మీద మాత్రం 'సేకరణ: స్టూడియో' అని వేశారు. రెండో ఆల్బమ్ మీద అమ్మ పేరు పడి తీరాలని యమున పంతం పట్టి, ఆమెను వెంటబెట్టుకుని మండలికి వెళ్లింది.

పరిశీలనాధికారి గణపతిరావు గారు నిబంధన వివరించారు. జానపదమంటే కట్టినవారెవరో తెలియకూడదు.

"తెలకపోడమేటి బాబూ? ఈవిడే గదా కట్టినాది. మీ ఎదుట్నే కూకున్నాది," అంది యమున.

"అదేనమ్మా ఇబ్బంది. బతికున్నారు."

అయితే మండలి కఠినాత్మురాలేమీ కాదు. రచయితనని చెప్పుకునేవారికి ఒక పరీక్ష పెట్టింది. ఒకే పాట రెండుసార్లు అక్షరం పొల్లుపోకుండా పాడాలి.

ఉప్పుమడిలో పాట అలా నడవదు. పక్కన ఎవరు ఉప్పు లాగుతుంటే వాళ్ల మీద చరణం కట్టాలి, కట్టకపోతే వాళ్లు అలుగుతారు. లక్ష్మణమ్మ మొదటిసారి అలవాటుగా, రోజూ మడిలో తన పక్కన ఉప్పు లాగే మరదలి మీద పాడింది. రెండోసారి, ఎదురుగా ఉన్నది అధికారి గారు కనుక, మర్యాద తప్పకూడదని ఆయన బొజ్జ మీద పాడింది.

చరణం బాగా కుదిరింది. గుమాస్తాలు వంత కూడా పాడారు. (వారికి మెమోలు అందాయి.)

"రెండూ కలవలేదు," అన్నారు గణపతిరావు గారు చొక్కా సర్దుకుంటూ. "కాబట్టి ఈ పాట మీది కాదు. మీది కాదు కాబట్టి ఎవరిదో తెలియదు. తెలియదు కాబట్టి స్వచ్ఛమైన జానపదం. అభినందనలు."

"మాయమ్మ పేరు నేకపోతే నాకీ ఆల్బమే వొద్దు," అంది యమున.

"ఒసే, ఊరుకో. పాట బైటికెల్లనీ, సాలు. నా పేరు ఎవులికి కావాల?" అంది లక్ష్మణమ్మ. అనేసి గోడకేసి తిరిగింది. ఆమెకు కష్టమనిపించింది. మండలి దరఖాస్తులో దానికి గడి లేదు.

యమున అమ్మ మాట కాదనలేకపోయింది. అరసవల్లిలో ఆల్బమ్ విడుదల ఘనంగా జరిగింది. అధ్యక్షత వహించిన గణపతిరావు గారు, ఇంత చక్కని పదాలు కట్టిన ఆ తల్లి ఎవరో, ఏ కాలంలో కన్నుమూసిందోనని కళ్లు తుడుచుకున్నారు. ఆమె ఆత్మశాంతికి నిమిషం మౌనం పాటించమని కోరారు. సభ యావత్తూ లేచింది.

ముందు వరసలో లక్ష్మణమ్మ కూడా చెప్పులు విడిచి నిలబడింది.