తడిబొంతపై దండయాత్ర

శ్రోతలారా! చెవులు రిక్కింపుడు. దగ్గు వచ్చువారు ముందే దగ్గి కూర్చుండుడు. కథ మధ్యలో దగ్గినచో వీరరసము చెదిరిపోవును. దానిని మరల పోగుచేయుట నా తరము కాదు.

ఆకాశమను మహారాజవీథిలో సహస్రకిరణములను కొరడాలవలె ఝళిపించుచు, పుట్టిన నాటినుండి ఒక్క పూట సెలవు పెట్టక, పని ఎక్కువైనదని ఎవ్వరితోను మొరపెట్టుకొనక తిరుగు ఆ దివాకరుడు నడినెత్తికి ఎక్కి నిలిచిన వేళ. కుక్కలు చిరకాలవైరములు మరచి ఒకే గోడనీడలో నాలుకలు వ్రేలాడవేసిన వేళ. కరెంటు స్తంభములు కొండ ఎక్కలేక చేతులెత్తేసిన దారి చివర, రాళ్లగుట్ట పక్కన, రేకుల పంపుషెడ్డు ముందు, మల్టీమీటరుధారిణియు, స్క్రూడ్రైవరుభూషితయు, ఎండకు కమిలిన ముక్కు గలదియు, పొద్దుటినుండి పచ్చిమంచినీళ్లయినా ముట్టనిదియు అగు ఇంజనీరమ్మ, రణరంగమున సేనానివలె నిలుచుండెను.

ఆమె పని ఏమందురా? ఎండను పట్టి కరెంటు చేయుట. ఆ కరెంటుతో వాగునీటిని గుట్టమీది ట్యాంకులోనికి ఎక్కించి, అక్కడినుండి ఊరి చివరి కొళాయి దాకా దింపుట. చెప్పుటకు రెండు ముక్కలే. చేయుటకు మాత్రం ఆమె జుట్టు సగము రాలిపోయింది.

ఇంతకుముందు రెండు ఊళ్లలో ఆమె నిలబెట్టిన పంపులు రెండునూ రిబ్బను కత్తిరించిన నాడు చప్పట్లు కొట్టించుకొని, ఆ మరునాటినుండి దిక్కులేనివై చచ్చినవి. ఒకదాని ప్యానెళ్ల కింద కోళ్లు కాపురము పెట్టెను. రెండవదాని తాళము పోయెను, పోయినదని ఎవ్వరికీ తట్టను కూడ లేదు. ఇది మూడవది. ఈ పంపు, తనిఖీకి వచ్చు పెద్దసారు కళ్లముందు నడిచినచో, కొండమీది నాలుగు ఊళ్లకు నాలుగు పంపులు వచ్చును. నడవనిచో, "ఇక్కడ ఇది కుదరదు" అని ఆయన ఒక్క మాట అనేసి జీపెక్కును. ఆ నాలుగు ఊళ్ల ఆడవాళ్లు బిందెలు చంకనెత్తుకొని ఎప్పటివలెనే వాగుకు దిగుతూ ఎక్కుతూ ఉందురు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా ఇంజనీరమ్మ బిగించిన బోల్టునే మరల బిగించుచుండెను. వీరులు అట్లు చేయరాదు గాని, చేసెను. ఏం చేస్తాం.

అందుచేత ఈసారి ఆమె కొత్తవ్యూహము పన్నెను. షెడ్డు తాళమును పిన్ని చేతికిచ్చెను. పిన్ని అనగా ఎవరికీ సొంత పిన్ని కాదు గనుక ఊరందరికీ పిన్ని అయిన మహాతల్లి. పంపు సంగతులు ఊరివారికి పాఠము చెప్పిన రోజున మిగిలినవారందరూ ఆవులించుచుండగా ముందు వరుసలో రెప్ప వేయక విన్నది ఆమె ఒక్కతే. ఆ సంబరములో ఇంజనీరమ్మ, "షెడ్డు మీది ఈ సోలార్ పలకల్ని పసిపిల్లల్లా చూసుకోవాలి పిన్నీ" అన్నది. శ్రోతలారా, ఈ మాటను కాస్త గుర్తుంచుకొనుడు. మనకు దీనితో పనిబడును.

అంతట ధూళిమేఘపరివృతుడై, శ్వేతశకటారూఢుడై, పొద్దున్నే వస్తానని చెప్పి మిట్టమధ్యాహ్నమునకు వచ్చుట అను ఉద్యోగధర్మమును తు.చ. తప్పక పాటించినవాడై, పెద్దసారు విచ్చేసెను. ఆయనకు అధికారము ఉన్నది, జీపు ఉన్నది. జుట్టు లేదు. టోపీ ఇంట్లో మరచెను.

"త్వరగా చూపించండమ్మా," అన్నాడాయన, అరచేతిని నెత్తిమీద కప్పుకొని. "ఇంకా చాలా చోట్లకి తిరగాలి. ఏం ఎండండీ బాబూ, మాడు పగిలిపోతోంది."

"ఒక్క నిమిషం సార్. స్విచ్ వేయడమే తరువాయి."

వేసెను. షెడ్డు ఎదుటనే ఉన్న ఊరి చివరి కొళాయి దగ్గర బిందెలతో బారులు తీరిన ఊరు ఊపిరి బిగబట్టెను. పంపు ఒక్కసారి ఘుర్రుమనెను, మూలిగెను, దగ్గెను. (మీకు చెప్పితిని కదా, దగ్గవద్దని, దానికి ఎవరు చెప్పుదురు?) పైపులో ఉన్న పాతనీటినుండి ఒక్క బొట్టు కొళాయి మూతిమీదికి వచ్చి, అందరినీ చూసి, కిందపడుటకు మొహమాటపడి అక్కడనే వ్రేలాడెను.

పెద్దసారు ఆ బొట్టును చూసెను. ఆకాశమును చూసెను. "ఇది ఎండతో నడిచేదే కదమ్మా?"

"అవునండీ."

"మరి ఎండ ఉందిగా. సరిగ్గా నా నెత్తిమీదే ఉంది."

ఈ వాక్బాణము తగులగానే ఇంజనీరమ్మ గోడకు బిగించిన కంట్రోలరు డబ్బా వైపు తిరిగి, కన్నులెర్రజేసి, "ఓరీ పచ్చదీపపు డబ్బా! నిన్ను నా భుజములపై మోసి ఈ గుట్ట ఎక్కించితిని. నీలో దుమ్ము చేరునని నా రుమాలు చించి నీ సందులు పూడ్చితిని. ఇన్ని ఉపచారములు పొందియు, నలుగురిలో నా తల దించుటకు నీకు మనసెట్లొప్పినది? పలుకుము!" అని గర్జింపవలెననుకొనెను. కాని ఆమె నోట వెలువడినది, "ఏమైందే నీకు?" అన్న మాట మాత్రమే. డబ్బా పలుకలేదు.

అప్పుడారంభమయ్యెను ఘోరసమరము. తీగలను పట్టి లాగెను. బోల్టులను బిగించెను, వదులు చేసెను, మరల బిగించెను. ఫ్యూజును ఊడబెరికి ఉఫ్ అని ఊది యథాస్థానమున పెట్టెను. ఊదుటవలన ఫ్యూజునకు కలుగు లాభమేమో ఏ పుస్తకములోను లేదు. అయినను చేత స్క్రూడ్రైవరు పట్టిన ప్రతివాడూ ఊదును. మీటరు పెట్టి చూడగా, పైనుండి రావలసిన కరెంటులో సగము కూడ రావడము లేదు. ప్యానెళ్లకేమైనా అయినదా? ఛ, వాటికేం! పొద్దున్నే స్వయంగా పైకెక్కి తుడిచింది, పంపు నడిపి చూసింది, ట్యాంకు అడుగున నాలుగు చుక్కలు పడిన చప్పుడు చెవులారా విని ఆపేసింది. కనుక తప్పు ప్యానెళ్లది తప్ప సమస్తవస్తువులదీ అని నిశ్చయించి, సమస్తవస్తువులనూ విప్పెను.

"అమ్మాయ్, ఏమన్నా సాయం చేయనా?" అని పిన్ని అడిగింది.

"వద్దు పిన్నీ. నువ్వు చేసింది చాలు," అన్నది ఇంజనీరమ్మ, మెచ్చుకోలుగా. ఆ మాటలో ఎంత నిజమున్నదో ఆమెకు అప్పటికి తెలియదు.

పెద్దసారు గడియారము చూసుకొనెను. జీపు వైపు ఒక అడుగు వేసెను. ఆ అడుగుతో కొండమీది నాలుగు ఊళ్లు ఒక్కసారిగా నాలుగడుగులు దూరము జరిగినట్లు ఇంజనీరమ్మకు తోచెను. విప్పినవన్నీ మరల బిగించి స్విచ్ వేసి ఉంచెను. ఇక విప్పుటకు ఏమియు మిగులలేదు. అప్పుడు, గత్యంతరము లేక, ఆమె నిచ్చెన వైపు చూసెను.

ఆ నిచ్చెనకు నడుమ ఒక మెట్టు లేదు. ఉన్న మెట్లలో ఒకటి తాను ఉండవలెనా వద్దా అని ఆలోచించుచున్నది. అయినను ఇంజనీరమ్మ పళ్లమధ్య మల్టీమీటరు తీగను కరచిపట్టి, కాలిన రేకులు అరచేతులను చుర్రుచుర్రుమనిపించుచుండగా, షెడ్డు కొనకు ప్రాకి, వెనకవైపుకు వాలియుండి కిందివారి కంటికి కానరాని ఆ ప్యానెళ్ల వరుసను తేరిపార చూసెను. పళ్లమధ్యనుండి తీగ జారెను.

బొంత! పాత గుడ్డపేలికలన్నీ కలిపి కుట్టిన నానావర్ణశోభితమగు బొంత! నిలువునా తడిసి, నీళ్లోడుచు, ఏనుగంత బరువెక్కి, నాలుగు మూలల నాలుగు రాళ్లతో, నడిమి ప్యానెళ్లపై ఒక్క ముడుత లేకుండా, జ్వరమొచ్చిన బిడ్డకు కప్పినంత జాగ్రత్తగా కప్పబడి ఉన్నది. ప్యానెళ్లన్నీ చేయీ చేయీ పట్టుకొని నిలిచినట్లు ఒకే తీగకు కట్టినవాయె. నడిమివి కళ్లు మూసుకుంటే చివరివి మాత్రం ఏం చేయగలవు?

"ఎవరు? ఎవరు కప్పారు దీన్ని?"

"నేనే!" అని కిందినుండి పిన్ని కంఠము మోగెను. పతకము అందుకొనుటకు వేదిక ఎక్కువారి గొంతులో కూడ అంత గర్వముండదు. "నువ్వే చెప్పావుగా అమ్మాయ్, పలకలు మరీ వేడెక్కితే నీరసపడతాయని! ఇవాళ చూడు, ఎండెలా మండిపోతోందో. సారొచ్చేసరికి పిల్లలు నీరసపడితే నీ పరువేం కావాలి? అందుకే నువ్వు దిగి అటు వెళ్లగానే మా బొంత తడిపి కప్పేశా. మధ్యలో ఆరిపోతుంటే మళ్లీ నీళ్లు కూడా చల్లా."

శ్రోతలారా, ఇందులో అబద్ధము ఒక్కటి లేదు. వేడెక్కినచో ప్యానెళ్లు కొంచెము నీరసపడును. ఇంజనీరమ్మ ఆనాడు నల్లబల్లమీద గీత గీసి మరీ చెప్పింది. చెప్పనిది ఒక్కటే: ఎండ లేకపోతే అవి అసలే పనిచేయవని. అది కూడ చెప్పవలసిన సంగతేనని ఎవరికి తట్టును!

"పిన్నీ, అవి చల్లగానే ఉండాలి. కానీ ఎండ తగలాలి."

"అదెలా కుదురుతుంది? ఎండ తగిలితే వేడెక్కవూ?"

  ఇక మాటలు లాభము లేదని ఇంజనీరమ్మ మూలలనున్న రాళ్లు నాలుగింటినీ తీసి పక్కన పెట్టి, బొంతను రెండుచేతులా ఒడిసిపట్టెను. అది చూసి పిన్ని, "ఏయ్! ఏయ్! నడిఎండలో పిల్లల మీది గుడ్డ లాగుతావా?" అని అరచుచు షెడ్డు వెనకకు పరుగెత్తి, బోర్లించిన డ్రమ్ముపైకెక్కి, రాళ్లు తీయగా చూరుమీదికి జారిన బొంత కొసను బిగియబట్టెను. పైన చదువు, కింద మమకారము. నడుమ తడిబొంత. లాగుడు, మరు లాగుడు! రేకులు కిర్రుమనెను, కుట్లు పటపటమనెను. ఈ రభస ఏమిటా అని పెద్దసారు సగము ఊరిని వెంటబెట్టుకొని షెడ్డు చుట్టూ తిరిగి వచ్చి, సరిగ్గా చూరు కింద నిలిచెను.

"ఏంటమ్మా ఇది? పంపు చూపిస్తానని పిలిచి బొంతల పందెం పెట్టారా?"

ఇంజనీరమ్మ ఆయనను చూసెను. "ఓ అధికారపుంగవా, ఇది అజ్ఞానజనిత ప్రమాదము, నా పాలు ఇందులో రవంతయు లేదు" అని ఆమె అనవచ్చును. అంటే తన పరువు నిలుచును. పిన్ని తాళము మాత్రం ఊడును; ఊరందరి ముందు తల దించుకొని ఇంటికి పోవును; రేపటినుండి ఈ ప్యానెళ్ల కింద కూడ కోళ్లే. ఆమె బొంతను వదలకుండానే నోరు విప్పెను.

"తప్పు నాదే సార్. నేను ఈవిడకి సగం పాఠమే చెప్పాను." పిదప కిందికి వంగి, "పిన్నీ, ఎండే వాటికి తిండి. ఎక్కువైతే కాస్త ఆయాసపడతాయి, అంతే. నువ్వు మొత్తం కప్పేస్తే తిండి లేక పడుకుంటాయి," అన్నది.

పిన్ని మొగము పాలిపోయెను. "అయ్యో అయ్యో! అయితే పొద్దుట్నుంచీ పస్తు పెట్టానా? ముందే చెప్పొద్దూ!" అని, ఎంత బలముతో ఆపుచుండెనో అంతకు రెట్టింపు బలముతో లాగెను.

తడిబొంత కదిలెను. జారెను. జలపాతమువలె చూరు దిగి, ఆ సగము ఊరు చూచుచుండగా, పెద్దసారు శిరస్సుపై పడి, ఆయనను ఆపాదమస్తకము కప్పెను.

  బొంత లోపల కదలిక లేదు. అయిపోయింది, అంతా అయిపోయింది, నాలుగు ఊళ్లూ పోయాయి అనుకొన్నది ఆమె. చూరు అంచునుండి కిందికి వంగి పిలిచెను.

"సార్... సార్..."

"ఆగండమ్మా," అని బొంతలోనుండి గంభీరస్వరము వినబడెను.  "కాసేపు ఇలాగే ఉండనివ్వండి. పొద్దుట్నుంచీ ఇప్పుడే ప్రాణం లేచొచ్చింది."

"చూశావా? చల్లదనం ఎవరికి చేదు!" అన్నది పిన్ని.

అదే క్షణమున షెడ్డులో పంపు గొంతు సవరించుకొని హోరెత్తెను. పైపులు వణికెను. గుట్టమీది ట్యాంకులో నీరు దుమికిన చప్పుడు వినబడెను. కొంతసేపటికి ఊరి చివర, ఇంతసేపు మొహమాటపడిన ఆ ఒక్క బొట్టును వెనకనుండి వచ్చిన ధార ఒక్క తోపు తోసెను. "నీళ్లొచ్చాయ్! నీళ్లొచ్చాయ్!" అని బిందెలు ఖంగుమనెను.

పెద్దసారు బొంతలోనుండి తల మాత్రమే బయటపెట్టెను. "ఈ బొంత ఎవరిదమ్మా?"

"నాదే సారూ. మా ఇంట్లో ఉన్నదదొక్కటే. పాతదే కానీ, శుభ్రంగా ఉతికే కప్పాను."

ఆయన బొంత కుట్లను ఒకసారి తడిమెను. "నేను చాలా పంపులు చూశాను. తుప్పు పట్టినవి చూశాను, మేకల్ని కట్టేసినవి చూశాను. ఇంట్లో ఉన్న ఒక్క బొంతా తెచ్చి పంపుకి కప్పినవాళ్లని ఇదే చూడటం." పిదప పైకి చూసి, "దిగి రండమ్మా, కాళ్లు కాలతాయి. పై ఊళ్లకీ పెట్టిద్దాం. కానీ అక్కడ పాఠం మాత్రం పూర్తిగా చెప్పండి," అన్నాడు.

ఇంజనీరమ్మ ఆ లేని మెట్టును మరచి దిగి, చివరి నాలుగు మెట్లను ఒక్క మెట్టుగా చేసి, కూలబడి, మోకాలు చేత్తో పట్టుకొని నవ్వెను, ఏడ్చెను కూడ. ఆ రెండు పంపులూ పట్టించుకొనే దిక్కులేక చచ్చినవి. ఇది ప్రేమ ఎక్కువై చావబోయినది. ఇన్నేళ్ల చాకిరీలో ఆమె కోరుకొన్నది ఈ తేడానే.

పిమ్మట నిన్నమొన్నటి గురుశిష్యులును, ఇందాకటి శత్రువులును అగు ఆ ఇరువురూ బొంతను చెరొక కొస పట్టి మెలివేసి పిండిరి.

"ఇక మధ్యాహ్నం వాటి మీద ఏమీ వేయకు పిన్నీ. గుడ్డా, గోనె, ఏదీ వద్దు."

"సరేలే అమ్మాయ్. మరి దీన్నెక్కడ ఆరేయను? ఊళ్లో మంచి ఎండ పడేది ఆ పలకల మీదే."

ఇద్దరూ నలుదిక్కులు చూసిరి. చూపులు ఒక్కచోట ఆగెను. పిన్ని ఎవ్వరినీ అడుగలేదు. నేరుగా నడచి, భగభగలాడుచున్న ఆ శ్వేతశకటము ముందుభాగమున బొంతను పరచి, ముడుతలు సవరించి, నాలుగు మూలల నాలుగు రాళ్లు పెట్టెను. ఇంకా చాలా చోట్లకు తిరుగవలసిన పెద్దసారు నోరు తెరిచాడు.

"ఆరేదాకా నీడన కూర్చోండి సారూ," అని పిన్ని కొత్తనీళ్ల గ్లాసు ఆయన చేతిలో పెట్టింది. "ఎంతసేపు! ఇట్టే ఆరిపోతుంది."

ఆయన నోరు మూసికొని, షెడ్డు గోడనీడలో, రెండు కుక్కల నడుమ చోటు చేసికొని కూర్చుండెను.

శ్రోతలారా! ఈ కథ విన్నవారి బట్టలు వాన రాకముందే ఆరుగాక! చదివినవారి ఫ్యూజులు ఊదకుండగనే పనిచేయుగాక! భేరీలు మ్రోగింపుడు, నలుదిశల చాటింపు వేయుడు: ఆ అపరాహ్ణమున, దివాకరుడు సాక్షిగా, ఒక ఊరును ఒక జీపును ఆపివేసి, ఎట్టకేలకు బొంత ఆరెను.