ఒకే రక్తం, రెండు కవర్లు

జీవశాస్త్రం మాస్టారు ఆ ఉదయం నాలుగున్నరకే లేచారు. లేచారనడం మర్యాదకోసం, అసలు ఆయన పడుకుంటే కదా. పదేళ్లుగా ఆయనది కోడికునుకే. లేచి ఆకుల రసం తాగి, అయిదు కిలోమీటర్లు పరుగెత్తి, నాడి చూసుకుని, ఆ అంకెను గోడమీది పట్టికలో ఎక్కించారు. నిన్నటికంటే రెండు ఎక్కువుందని భార్యమీద విసుక్కున్నారు.

"మీ నాడి పెరిగితే నేనేం చేస్తానండీ?" అందావిడ.

"ప్రతి చికాకూ కణాల్లో గుర్తు పెట్టిపోతుందే! ఇవాళ నేను చెప్పబోయేది అదేగా!"

పొరుగు కాలేజీలో ప్రసంగం. జన్యువులు పుట్టుకతో వచ్చినవే అయినా, వాటిలో ఏది పని చెయ్యాలి, ఏది నోరు మూసుకోవాలి అన్నదాంట్లో మన తిండికి, నిద్రకి, దిగులుకి కూడా చెయ్యి ఉంటుందన్నది విషయం. దీన్ని బొమ్మలు వేసి చెబితే ఎవరి బుర్రకెక్కుతుంది? మాస్టారి దగ్గర ప్రాణమున్న సాక్ష్యం ఉంది, కవల తమ్ముడు. అచ్చుగుద్దినట్టు ఒకే ముఖం, ఒకే జన్యువులు. అన్న కొలుచుకు తింటాడు. తమ్ముడు కుళాయిలు బాగుచేస్తాడు, దొరికింది తింటాడు, సందు దొరికితే పనిముట్ల సంచి తలకింద పెట్టుకుని గుర్రుపెడతాడు. యాభై రెండేళ్ల ఈ ఇద్దరి రక్తమూ నెల క్రితం ల్యాబుకు వెళ్లింది. కణాలమీది గుర్తులు చూసి ఒంటి వయసు అంచనా కట్టే పరీక్ష అది. ఫలితాలు సీలువేసిన రెండు కవర్లలో ల్యాబువాళ్లే హాలుకు తెచ్చిస్తారు. వేదికమీదే విప్పాలని మాస్టారి ముచ్చట.

"మరిదిగారికి ఏమని చెప్పారు?" అని అడిగింది భార్య.

"వేదికమీద నా పక్కన కూర్చోవాలి రమ్మన్నాను."

"చెడ్డ ఉదాహరణకని చెప్పారా?"

"చెబితే వస్తాడా? శాస్త్రంలో మొహమాటాలుండవే."

'ఒక్క అంకె చూసి మనిషిని తేల్చకూడదు, అయిదారేళ్లు అటూఇటూ కావచ్చు' అని రాసుకున్న స్లయిడు ఒకటుంది. ఊపు తగ్గిస్తోందని దాన్ని తీసేసి ఆయన బయల్దేరారు.

హాలు గుమ్మంలో తమ్ముణ్ణి చూసి మాస్టారు ఆగిపోయారు. మరకల చొక్కాతో వస్తాడనుకున్న మనిషి ఇస్త్రీ మడతలతో, నున్నగా దువ్విన జుట్టుతో నిలబడి ఉన్నాడు. పక్కనే కాలేజీ చదువుతున్న కూతురు, ఫోను పట్టుకుని.

"పెదనాన్నా, నాన్నని స్టేజీ ఎక్కిస్తున్నారటగా! మా ఫ్రెండ్స్ అందరికీ చెప్పేశాను!"

సన్మానమనుకుంటోంది పిల్ల! మాస్టారు అప్పుడే తమ్ముణ్ణి పక్కకి పిలిచి నిజం చెప్పేస్తే సరిపోయేది. "పద పద, టైమైంది" అన్నారు.

ఆ కాలేజీ ప్రిన్సిపాల్ మాస్టారిని పోస్టరులో చూడ్డమే తప్ప ఎదురుగా చూడలేదు. ఆ ఫొటో పదేళ్లనాటిది. అందులోని నిండు బుగ్గలూ నవ్వు ముఖమూ ఇప్పుడు తమ్ముడి దగ్గరున్నాయి. ఆవిడ తిన్నగా వెళ్లి తమ్ముడికి నమస్కారం పెట్టి, ముందు కుర్చీలో కూర్చోబెట్టింది. పీక్కుపోయిన కళ్లతో వెనక నిలబడ్డ మాస్టారికి చివరి కుర్చీ చూపించింది. ఆయన దిద్దబోయేలోపే మైకు అందుకుని, ఆయన స్వయంగా రాసి పంపిన ఇద్దరి పరిచయం చదవసాగింది.

"ఇటు చూడండి, క్రమశిక్షణకు నిలువెత్తు రూపం!" అని తమ్ముణ్ణి చూపించింది. చప్పట్లు. "అటు చూడండి. ఒకే తల్లి బిడ్డ. కానీ వేళాపాళా లేని తిండి, పుస్తకం పట్టని చెయ్యి, ఒంటిమీద ధ్యాస లేని బతుకు. ఆ ముఖమే చెబుతోంది కదూ!"

మూడు వందలమంది మాస్టారి ముఖంకేసి చూసి, అవునవునని జాలిగా తలలూపారు.

"అది నేను కాదు!" మాస్టారు లేచి అరిచారు. "ఆ బతుకు వాడిది! నేను మాస్టారిని!"

ఆయన వేలు తమ్ముడివైపు చాచి ఉంది. కాలేజీ పిల్లలు కొందరు కిసుక్కున నవ్వారు. ముందు వరుసలో తమ్ముడి కూతురు ఫోను ఒళ్లోకి దించేసుకుంది. ఆ వేలిని ఎక్కడ దాచుకోవాలో మాస్టారికి తెలియలేదు.

ప్రిన్సిపాల్ కంగారులో కవర్లు చింపి చదివేసింది. తమ్ముడి ఒంటి వయసు నలభై తొమ్మిది. మాస్టారిది అరవై.

"ల్యాబులో తారుమారయ్యాయి!" అన్నారు మాస్టారు. ల్యాబు నుంచి వచ్చినావిడ లేచి, "సీసాలమీద పేర్లు రాసింది మీరే కదండీ" అంది. మాస్టారు మాట మార్చారు. "అసలు ఒక్క అంకె చూసి మనిషిని తేల్చకూడదు..." అంటూ, పొద్దున తీసేసిన స్లయిడును నోటితోనే అప్పజెప్పడం మొదలుపెట్టారు. ఎవరూ వినడంలేదు.

అప్పుడు తమ్ముడు మైకు దగ్గరికొచ్చాడు.

"అన్నయ్య తప్పేం లేదండీ. ఆ రోజు సీసాలు కాసేపు నా చేతికిచ్చాడు. నేనే మార్చేసుంటాను. నాకు చదువు లేదు కదా."

హాలు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. అదీ సంగతి అన్నట్టు ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. మాస్టారి పరువు నిలబడింది. కాకపోతే వాళ్ల నాన్నకేసి చూస్తున్న ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. సీసాలు ఆయన చెయ్యి దాటనే లేదు.

"వాడు అబద్ధం చెబుతున్నాడు" అన్నారు మాస్టారు. "వాడు సీసాల్ని ముట్టుకోలేదు. మీ అందరిముందూ వాణ్ణి చిన్నబుచ్చడానికే, ఏమీ చెప్పకుండా తీసుకొచ్చాను. సిగ్గుగా ఉంది. ఆ అంకెలో తప్పుంటే ఉండొచ్చు, నేను చేసింది మాత్రం తప్పే."

ప్రసంగం అక్కడితో ఆగిపోయింది. బయట మెట్లమీద మాస్టారు తమ్ముడి చెయ్యి పట్టుకున్నారు.

"నన్ను తిట్టరా. మోసం చేసి పిలిచాను."

"మోసమేముంది? ఎందుకు పిలుస్తున్నావో వదిన పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది."

మాస్టారు నిలువునా నీరైపోయారు. "తెలిసీ వచ్చావా? ఎందుకురా?"

"నువ్వు నన్ను పక్కన కూర్చోమని అడిగి ఎన్నేళ్లయింది అన్నయ్యా! పిల్ల వెంట వస్తుందని మాత్రం అనుకోలేదు."

ఆ పిల్ల వచ్చి వాళ్ల నాన్న పక్కన నిలబడింది. పెదనాన్నకేసి చూడలేదు. నెల తర్వాతగానీ చూడలేదు.

మర్నాటినుంచి మాస్టారు రోజూ పరుగుకి వెళ్తూ తోడు రమ్మని తమ్ముడి ఇంటి తలుపు తడుతున్నారు. తమ్ముడు ఇంతవరకూ ఒక్క రోజూ ఆ వేళకి నిద్ర లేవలేదు.