జోగారావుగారు కనిపెట్టిన కన్చెర్టో

మరుగున పడ్డ సంగీతాన్ని తవ్వితీసే మనిషి ప్రతి అపార్ట్‌మెంటుకూ ఒకడు ఉండి తీరాలి! వాటర్ ట్యాంకు లేకపోయినా సర్దుకోవచ్చు. నమ్మరా? అయితే కార్ఖానా ఏరియాలో ఉండే జోగారావుగారి సంగతి వినండి.

ఆయన ఇన్సూరెన్స్ ఆఫీసులో రిటైరై, అపార్ట్‌మెంటు అసోసియేషన్‌కి సెక్రటరీ అయ్యారు. ఒక మధ్యాహ్నం ఆయన ఫోను దానంతటదే ఒక పియానో కన్చెర్టో వినిపించింది. ముందు ఒక పియానో, వెనక నలభై వాయిద్యాలు! రెండు వందల ఏళ్ల కిందట ఎవరో జర్మన్ ఆయన రాశాడట. పేరు పలకబోతే జోగారావుగారి కట్టుడు పళ్లు కదిలాయి.

"ఇంత గొప్పవాణ్ణి లోకం మరిచిపోయిందే రాజ్యం!" అని కళ్లు తుడుచుకున్నారు.

"స్టవ్ మీద పప్పు చూడమన్నాను, మీరూ మరిచిపోయారు. మాడింది" అంది వాళ్లావిడ.

నెల తిరిగేసరికి ఆయన అలాంటివి పదిహేడు కనిపెట్టారు. సంగీతం తెలుసా అంటారా? కనిపెట్టేవాడికి తెలియాలని ఏ రూల్‌బుక్‌లో ఉంది? లిఫ్టులో దొరికినవాళ్లకు ఐదో అంతస్తు దాకా ఫోనులో వినిపించేవారు. దాంతో అందరూ మెట్లెక్కడం మొదలుపెట్టారు. ఎన్ని మోకాళ్లు బాగుపడ్డాయో!

ఆఖరికి ఒక ఆదివారం ఉదయం సెల్లార్‌లో సభ పెట్టారు. పెద్ద స్పీకరు, కుర్చీలు, సమోసాలు. సమోసాలున్నాయి కాబట్టి పద్నాలుగు మంది వచ్చారు. ముప్పావుగంట ఉపన్యాసం తర్వాత కన్చెర్టో మొదలైంది. సరిగ్గా నెమ్మదైన భాగం దగ్గర కరెంటు పోయింది.

స్పీకరు ఆగింది. పియానో ఆగలేదు!

మూడో అంతస్తులో ప్రేమమణిగారు వాయిస్తున్నారు. ఇరవై రెండేళ్లుగా అదే ఫ్లాట్‌లో పిల్లలకు పియానో నేర్పుకుంటూ బతుకుతున్న మనిషి. వాయిస్తున్నది అదే కన్చెర్టో. కింద స్పీకరులో విన్నాక చేతులు ఆగలేదట.

సమోసా సగంలో వదిలేసి అందరూ పైకి నడిచారు. గుమ్మం దగ్గర నిలబడి విన్నారు. ఎవరూ దగ్గలేదు. రాజ్యం చెంగుతో ముఖం ఒత్తుకుంది. ఆ వెనకే జోగారావుగారు ఆయాసపడుతూ వచ్చారు.

"ఆగండి! ఇది మీకెలా తెలుసు? నేను కనిపెట్టి నెలే అయింది!"

"మా నాన్న నేర్పిండు సార్, మౌలాలి రైల్వే క్వార్టర్స్‌ల ఉన్నప్పుడు. ముప్పై ఏళ్ల నుంచి వాయిస్తున్న" అన్నారు ప్రేమమణి.

"మరి వెనక ఉండాల్సిన నలభై వాయిద్యాలేవి?"

"టూ బెడ్రూమ్ సార్. పట్టరు."

అంతలో కరెంటు వచ్చింది. "పదండి, అసలైనది కింద ఉంది" అన్నారాయన.

పక్క ఫ్లాట్ హరికిషన్ కదల్లేదు. "జెర ఆగున్రి సార్. అసలైంది గిదే. కింద ఉన్నది డబ్బా!"

మర్నాడు లిఫ్టు పక్కన నోటీసు వెలిసింది. ఫ్లాట్లలో వాయిద్యాలు వాయించడం నిషిద్ధం. సంగీత ప్రియులకు ఇబ్బంది కలుగుతోందట! హరికిషన్ గొడవపడ్డాడు. మిగతావాళ్లు యథాప్రకారం మెట్లెక్కి ఎవరి ఫ్లాట్‌లోకి వాళ్లు వెళ్లిపోయారు. ప్రేమమణి ఆరుగురు హమాలీల చేత పియానో దింపించి, బోయిగూడలో ఒక చర్చి హాలుకు మార్చుకున్నారు. ట్యూషన్ పిల్లల్లో సగం మంది అంత దూరం రాలేక మానేశారు.

జోగారావుగారు స్పీకరు బాల్కనీలోకి తెచ్చుకున్నారు. "చూశావా రాజ్యం, సంగీతానికి కావలసిన నిశ్శబ్దం ఇన్నాళ్లకు దొరికింది!"

ఆవిడ చెప్పులు వేసుకుంటోంది.

"ఎక్కడికి?"

"బోయిగూడకి. పియానో వినడానికి."

జోగారావుగారు జాలిగా చూసి వాల్యూమ్ పెంచారు. పాపం, బతికున్నవాళ్లను ఎవరైనా వినగలరు. కనిపెట్టడం అందరి వల్లా అవుతుందా?