అంగారకుడి మీద అమ్మ చోటు

ఆ ఉదయం టైలరు వేసుకున్న పథకం చిన్నదే. ఇల్లు చూపించడానికి ఓనరు కొత్తవాళ్లను తీసుకొస్తున్నాడు. వాళ్లు గుమ్మంలోంచే పారిపోవాలి. భార్య పోయి ఇంకా ఏడాది కాలేదు. కిటికీ పక్కన కూర్చుని ఆమె గుండీలు కుట్టిన ఇల్లు అది. ఖాళీ చేయమన్న సంగతి కూతురికి చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

"నాన్నా, బడి సైన్సు పోటీకి నేనూ నా స్నేహితురాళ్లిద్దరూ కలిసి అంగారకుడి మీద ఉండే ఇల్లు మన ముందుగదిలోనే కట్టుకుంటాం. బడికి మోసుకెళ్లలేం కదా, జడ్జీలే వస్తారట," అంది కూతురు.

"గదంతా మీదే తల్లీ. ఎంత చిందరవందర చేస్తే అంత మంచిది!"

కాసేపటికి గది నిండా అట్టపెట్టెలూ తళతళలాడే కాగితాలే. వ్యోమగామి తక్కువయ్యాడని స్నేహితురాళ్లిద్దరూ టైలరు నెత్తిన గాలి కన్నాలు పెట్టిన నీళ్ల క్యాను బోర్లించి, మెడ చుట్టూ టేపు చుట్టేశారు.

సరిగ్గా అప్పుడే ఒక మొగుడూ పెళ్లాం లోపలికొచ్చారు. ఓనరు ఫోనులో ఎవరినో తిడుతూ గేటు దగ్గరే ఆగిపోయాడు. జడ్జీలొచ్చేశారనుకుంది కూతురు.

"రండి సార్! ఈ ఒక్క గదిలో ఆరుగురు హాయిగా బతకొచ్చు."

"వింటున్నారా? ఆరుగురట!" ఆవిడ మొగుణ్ని మోచేత్తో పొడిచింది.

మంచాలు గోడకెలా మడతపడతాయో, స్నానం నీళ్లు మొక్కలకెలా వెళ్తాయో ఒక్క ముక్క వదలకుండా చెప్పింది పిల్ల. టైలరు చేతులు అడ్డంగా ఊపాడు. "చాలే తల్లీ, ఆపు!" అని అరిచాడు. క్యానులోంచి బుడబుడ తప్ప ఏమీ బయటికి రాలేదు.

"ఆయనకేమైంది?"

"మా నాన్నండీ. గాలి అయిపోయినట్టు నటిస్తున్నాడు."

"భలే చేస్తున్నాడే!"

టైలరు ఇంకా గట్టిగా ఊపాడు. స్నేహితురాళ్లు చప్పట్లు కొట్టి, అతన్ని పట్టుకుని అట్టపెట్టెలో పడుకోబెట్టారు.

ఆవిడ కిటికీ పక్క మూల చూపించింది. "ఇక్కడేం పెట్టలేదేం?"

కూతురు వెళ్లి ఆ మూలకు అడ్డంగా నిలబడింది. "అది మా అమ్మ చోటండీ. అంగారకుడి మీదికెళ్లినా ఉండాలని వదిలేశాను."

"అయ్యో పాపం!" అని ఆవిడ మొగుడి వైపు తిరిగి గొంతు తగ్గించింది. "మీ అమ్మ మంచం అక్కడ సరిగ్గా పడుతుంది."

టైలరు చేతులు ఊపడం మానేశాడు.

గేటు దగ్గర ఓనరు వాళ్ల చేతులు పట్టుకుని ఊపడం కిటికీలోంచి కనిపించింది. కూతురు క్యాను ఊడదీస్తూ, "వాళ్లకు నచ్చిందా నాన్నా?" అంది.

టైలరు మొహం తుడుచుకున్నాడు. చెమటేమో అనుకుంది పిల్ల.

"నచ్చిందమ్మా. వచ్చి ఉంటారట."

"అంగారకుడి మీదా!" అని విరగబడి నవ్వింది.

అసలు జడ్జీలు సాయంత్రం వచ్చి, ఇంత ఇరుకులో మనుషులు బతకడం అసాధ్యమని తేల్చి వెళ్లారు.